పళ్ళ సంగతి రాసిన ఉత్తరం

పారిస్,
1984 జూన్ 5, మంగళవారం

అన్నయ్యకు వసంతకుమారి వందనాలు.

ముగ్గురం ప్రాణాలతో పారిస్ చేరాం. నేపర్‌విల్‌లో నా వంటింట్లో కూర్చుని నవ్వుకుంటూ ఉంటావని తెలుసు. గోంగూర సీసా మీద స్ట్రాబెర్రీ జామ్ కాగితం అంటించింది నువ్వు కాక ఇంకెవరు? కస్టమ్స్ ఆయన సీసా పైకెత్తి "ఇది ఏమిటి" అని అడిగాడు. మీ బావగారు కాగితం చదివి, ధైర్యంగా "జామ్" అన్నారు. ఆ పెద్దమనిషి మూత తీసి, వేలు పెట్టి, నాకాడు. మంచినీళ్ళు తాగి వచ్చి, పెట్టెలన్నీ మళ్ళీ మొదటినుంచీ విప్పించాడు.

ఇక్కడ రైలు భూమిలోపల, మెట్లు భూమంతా. స్ట్రోలర్ ముందువైపు ఈయన, వెనకవైపు నేను, మధ్యలో పల్లకీ ఎక్కినట్టు మణి. ఇరవై రెండు నెలల పిల్ల ఇంత బరువు ఎలా అయిందో నాకు అర్థం కాదు. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టదు. పెరుగు ఇక్కడ గాజు గిన్నెల్లో అమ్ముతారు, బాగుంటుంది. హోటల్ బాత్‌రూమ్‌లో కుళాయి ఉన్న పొట్టి తొట్టి ఒకటుంది. పసిపిల్లల కోసమే పెట్టారని ఈయన మణికి అందులోనే నీళ్ళు పోశారు. అది దొడ్డికెళ్ళాక కడుక్కునే తొట్టి అని గది ఊడ్చే ఆవిడ సైగలతో చెప్పింది. అప్పటినుంచి ఆయన ఆవిడకి ఎదురుపడటం లేదు.

నువ్వు నేర్పిన విద్య మణి మరిచిపోలేదు. ఎవరైనా షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాపితే తనూ చాపి, అందబోయేసరికి లాక్కుని నవ్వుతుంది. టికెట్ కలెక్టర్‌కి, ఒక సన్యాసినికి, ఇద్దరికీ అయింది.

అన్నయ్యా, నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. మేము జర్మనీలో మన మిషను హెల్గా అమ్మగారి దగ్గరికి వెళుతున్నాం. మిషను బోర్డుకి రాస్తే అడ్రస్ ఇచ్చారు. వస్తున్నామని ఆమెకి రాసి, జవాబు రోమ్ పోస్టాఫీసుకి పంపమన్నాను. హాంబుర్గ్‌కి పైన చిన్న ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఉన్నారట. డెబ్బై ఎనిమిదేళ్ళు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి దేవుడిచ్చిన బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టాలి. 1966లో ఆమె ఆ సిఫారసు ఉత్తరం రాసి ఉండకపోతే నాకు నర్సింగ్ సీటేది, అమెరికా ఏది, నువ్వు వచ్చి మా హాస్పిటల్ లాండ్రీలో పనిచేయడమేది? ఆ ఉత్తరం బైబిల్లోనే ఉంది, తెచ్చాను. "స్వభావం మెత్తన, బరువు పనికి వెనుదీయదు, పిల్లలతో సౌమ్యంగా ఉంటుంది, పళ్ళు కూడా ఆరోగ్యంగా ఉన్నాయి" అని. జర్మనీకి వెళ్ళిపోతూ కూడా నా పళ్ళు గమనించిన మనిషి. ఏటా మన తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఈ మాటలు చదివే దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతాను. వచ్చాక చర్చిలో మణిని దేవుడికి ప్రతిష్ఠించే రోజున ఆమెను చూసొచ్చిన సంగతి కూడా కలిపి చెబుతానని పాస్టరుగారికి మాటిచ్చాను.

మేము వెళ్ళే ఊళ్ళ జాబితా ఫ్రిజ్ మీద ఉంది. ఊరి పెద్ద పోస్టాఫీసుకి నా పేరున రాస్తే అట్టేపెడతారు. గడ్డి కొయ్యి. ఇంకేమీ కొయ్యకు.

నీ చెల్లెలు
వసంత


నేపర్‌విల్,
జూన్ 13

చెల్లాయికి, బావగారు దైవాశీర్వాదం గారికి, మణి దొరసానికి రత్నరాజు రాయునది.

గోంగూర గురించి నాకేమీ తెలియదు. కాగితాలు ఈ దేశంలో వాటంతట అవే అంటుకుంటాయి కాబోలు. గడ్డి కోశాను. నీ గులాబీ మొక్క గడ్డిలో కలిసి నిలబడితే అది నా తప్పు కాదు.

జర్మనీ సంగతి చదివాను. నా మాట విను. అక్కడ జూలైలో కూడా చలి అని లాండ్రీలో పనిచేసే పోలండు ఆయన చెప్పాడు. పసిపిల్ల గుండె తట్టుకోదు. స్విట్జర్లాండు వెళ్ళండి. కొండలున్నాయి, ఆవులున్నాయి, మణికి పాలూ పెరుగూ. ముసలివాళ్ళని చూసి పిల్లకేం లాభం?

అంతకంటే ముఖ్యం, చెప్పడానికి నోరు రావడం లేదు. మొన్న న్యూజెర్సీ ఐసెలిన్ నుంచి మన ఊరి గోపాల్ ఫోన్ చేశాడు. హెల్గా అమ్మగారు నిరుడే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారట. మంచి నిద్రలో పోయారట. ఇక మీరు ఆ ఊరు వెళ్ళి ఎవరిని చూస్తారు? రైలు పాస్ దండగ చేసుకోకండి.

ఇంకొకటి. ఆ పాత ఉత్తరం మాటిమాటికీ బయటికి తియ్యకు. ఎవరికీ చూపించకు. పద్దెనిమిదేళ్ళ కాగితం, గాలి తగిలితే పొడి అయిపోతుంది. మణి నోట్లో పెట్టుకుంటే విషం. బైబిల్లోంచి తీసి సూట్‌కేస్ అడుగున, బావగారి మేజోళ్ళ కింద పెట్టు. అక్కడికి ఎవరూ చెయ్యి పెట్టరు.

మీ మేలు కోరే
రత్నరాజు


రోమ్,
జూన్ 22

అన్నయ్యకు,

పోస్టాఫీసు కిటికీ దగ్గర రెండు ఉత్తరాలు ఒకేసారి చేతికిచ్చారు. ఒకదాంట్లో హెల్గా అమ్మగారు చనిపోయారు. రెండోదాంట్లో ఆమె మమ్మల్ని రమ్మంటున్నారు.

ముందు నీది చదివాను. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. నన్ను చూసి మణి ఏడ్చింది. ఎవరో ఇటలీ ముసలమ్మ మా ఇద్దరి తలలూ నిమిరి, మణి చేతిలో బిస్కెట్ పెట్టింది. అంతలో ఈయన రెండో కవరు చింపి, "వసంతా, చచ్చిపోయినావిడ నీకు తెలుగులో రాశారే" అన్నారు.

వంకరటింకరగా, పెద్ద పెద్ద అక్షరాలు. "నా బిడ్డా వసంతా, జులై పన్నెండున రండి. నీకు సీటు వచ్చిన ఉత్తరం నీ దగ్గర ఉంటే తప్పక తీసుకొని రావలెను. దానిని నేను చూడగోరుచున్నాను." ఎంత ప్రేమో చూడు, అది ఇంకా గుర్తుంచుకున్నారు.

నాకిప్పుడు ఏదీ తెలియడం లేదు. గోపాల్‌కి ఎవరు చెప్పారు? "ఇద్దరు హెల్గాలు ఉండొచ్చు, పోయినావిడ వేరే హెల్గా అయుండొచ్చు" అని ఈయన అంటారు. నాకు మాత్రం గోపాల్ అసలు ఫోనే చెయ్యలేదనిపిస్తోంది. నీ వేళాకోళాలకి చావు కూడా పనికొచ్చిందా, అన్నయ్యా? అయితే ఎందుకు? మేము జర్మనీ వెళితే నీకేమిటి? గోపాల్‌కి కూడా కార్డు రాశాను. అతను నిజం చెబుతాడు.

మణి రైలు కిటికీలోంచి ఎడమ చెప్పు పారేసింది. కొత్తజత కొన్నాం. ఈసారి కుడిది పారేసింది. ఇప్పుడు చెప్పులు రెండున్నాయి, జత మాత్రం లేదు. ఎర్రదొకటి, నీలందొకటి వేసి తిప్పుతున్నాం. రోడ్డు మీద అందరూ చూస్తున్నారు.

జూలై ఏడుకి మ్యూనిక్‌లో ఉంటాం. సూటిగా జవాబు రాయి.

వసంత


నేపర్‌విల్,
జూన్ 30

చెల్లాయికి,

ఈ ఉత్తరం బావగారు లేనప్పుడు చదువు. మణి నిద్రపోయాక చదువు. కూర్చుని చదువు.

గోపాల్ ఫోన్ చెయ్యలేదు. అమ్మగారు పోలేదు. ఆవిడని నేనే చంపాను. ఎందుకంటే ఆ ఉత్తరం ఆవిడ రాయలేదు. నేను రాశాను.

వేళాకోళం కాదు. 1966 ఏప్రిల్‌లో అమ్మగారికి జబ్బు చేసి జర్మనీ ప్రయాణం పెట్టుకున్నారు. నేను వెళ్ళి "అమ్మగారూ, మా చెల్లికి నర్సింగ్‌కి రెండు ముక్కలు రాసివ్వండి" అని అడిగాను. ఆవిడ నా వంక చూసి "రాయలేను, రత్నరాజూ" అన్నారు. అంతే. కారణం అడగలేదు, అడక్కపోయినా తెలుసు. అంతకుముందు ఆదివారమే హార్మోనియంలో కప్పను పెట్టింది నేను. ఆవిడ మొదటి మెట్టు నొక్కగానే అది ఒళ్ళోకి దూకింది. నా పాపం నీ మెడకు చుట్టుకుంది.

ఆవిడ ఓడ ఎక్కిన మర్నాడు మిషను ఆఫీసులోకి వెళ్ళాను. నేను మిషను ప్రెస్సులో తెలుగు అక్షరాలు పేర్చేవాణ్ణి కదా, తాళాలు దొరికేవి. పేరు అచ్చేసిన తెల్లకాగితాలున్నాయి, టైపు మిషను ఉంది. నాకు ఇంగ్లీషు లేదు. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. చూసి కొడదామంటే సొరుగులో మంచిమాటలు రాసిన నకలు ఒకే ఒక్కటి దొరికింది. అది మన మిషను జట్కా గుర్రం రాణిది. జీపు వచ్చాక దాన్ని వేరే మిషనుకి అమ్ముతూ అమ్మగారు రాసిన ఉత్తరం. ఆడగుర్రం కాబట్టి నీకు సరిగ్గా సరిపోయింది. రాణి అన్నచోట నీ పేరు కొట్టాను. డిక్షనరీలో వెతుక్కుని గడ్డి, జీను, డెక్కలు ఉన్న వాక్యాలు తీసేశాను. పళ్ళ సంగతి కూడా మనుషులకు పనికొస్తుందనుకుని ఉంచేశాను. సంతకం మూడురోజులు సాధన చేసి పెట్టాను.

ఇప్పుడు అర్థమైందా ఎందుకు వెళ్ళొద్దన్నానో? ఆవిడ చూస్తే గుర్తుపడతారు. దొంగ ఉత్తరంతో వచ్చిన సీటని ఎక్కడైనా నోరు జారితే నీ లైసెన్సు తీసేస్తారేమో, ముగ్గుర్నీ కాదు నలుగుర్నీ విమానం ఎక్కిస్తారేమో, నాకేమీ తెలియదు. లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే చేతులు ఆడటం లేదు. ఆ కాగితం చించెయ్యి.

నీ అన్న
రత్నరాజు


మ్యూనిక్,
జూలై 8

అన్నయ్యకు,

మణి నిద్రపోయాక, కూర్చునే చదివాను. బావగారు లేనప్పుడు చదవమన్నావు కాబట్టి వెంటనే ఆయన్ని పిలిచి పైకి చదివాను. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన మంచం మీంచి జారి కిందపడ్డారు. "మీ అన్నయ్య జీవితంలో ఇంత గొప్ప కథ ఇంకోటి కట్టలేడు" అన్నారు.

ఒప్పుకుంటాను, బాగా కట్టావు. చావు అబద్ధం దొరికిపోయింది కదా, దాన్ని కప్పడానికి ఇంకా పెద్దది అల్లావు. కానీ నువ్వు మరిచిపోయిందేమిటంటే, నీకు ఆ రోజుల్లో ఇంగ్లీషులో నీ పేరే సరిగ్గా రాయడం రాదు. నువ్వు సిఫారసు రాశావంటే నమ్మడం, మణి కారు నడిపిందంటే నమ్మినట్టే.

నాకొకటే బాధ. నేను పవిత్రంగా దాచుకున్న వస్తువుని పట్టుకుని గుర్రానికి కట్టావు. ఇకముందు ఫెలోషిప్‌లో పళ్ళ మాట చదువుతుంటే ఈయన ముఖం చూడలేను. అయినా ఫరవాలేదు. అమ్మగారికి కూడా ఈ కథ చెబుతాను, ముసలావిడ నవ్వుకుంటారు.

ఇక్కడ హోటల్ గిన్నెల ఆవిడ మణిని వంటింట్లోకి ఎత్తుకుపోయి బంగాళాదుంప తినిపించింది. నేను ఇన్ని రోజులు బతిమాలినా తినని పిల్ల, జర్మన్‌లో చెబితే తిన్నది.

వసంత


నేపర్‌విల్,
జూలై 10

చెల్లాయికి,

మ్యూనిక్‌కి రాసి పదిరోజులైంది. నీ దగ్గర్నించి చుక్క సిరా లేదు. నాకు అర్థమైంది. చదివావు, నమ్మావు, ఇక ఈ మొహం చూడకూడదనుకున్నావు. నీ జాగాలో నేనున్నా అంతే.

నువ్వు మాట్లాడకుండా ఉండటం నాకు అలవాటు లేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆదివారం ఫెలోషిప్‌లో భానుమతి అక్క "వసంత ఎలా ఉంది, హెల్గా అమ్మగారిని చూసిందా" అని అడిగితే, "చూసింది, ఇద్దరూ కలిసి గుర్రపు స్వారీ చేస్తున్నారు" అని నోటికొచ్చింది అనేశాను. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బయటికెళ్ళి కారులో కూర్చున్నాను.

మీరు వచ్చేలోగా నేను ఐసెలిన్ వెళ్ళిపోతాను. అక్కడ చీరల కొట్టులో మడతలు పెట్టే పని చూస్తానని గోపాల్ అన్నాడు. ఈసారి నిజంగానే ఫోన్ చేశాడు. నీ కార్డు అందిందట, నేను ఎవర్ని చంపానని అడిగాడు. తాళం చెవి భానుమతి అక్క దగ్గర ఉంచుతాను. మణికి చెయ్యి వెనక్కి లాక్కునే ఆట మాన్పించు. అది నా దగ్గర నేర్చిందని ఎవరికీ చెప్పకు.

రత్నరాజు


హాంబుర్గ్,
జూలై 14

అన్నయ్యకు,

నువ్వు పదో తారీకున ఎక్స్‌ప్రెస్‌లో పంపిన ఉత్తరం ఇప్పుడే అందింది. నేను మ్యూనిక్ నుంచి రాసింది ఈపాటికి నీకు చేరుతుంది. అది చదివి నేను నమ్మలేదని సంతోషపడతావేమో. పడకు. అంతా వరసగా చెబుతాను, నాకే వరస దొరకడం లేదు.

గురువారం వెళ్ళాం. వృద్ధాశ్రమం చర్చి పక్కనే ఉంది. అమ్మగారు బాగా చిక్కిపోయారు, మాట మాత్రం అలాగే ఉంది. మణిని చూసి చెయ్యి చాపారు. మణి కూడా చాపి, చటుక్కున లాక్కుంది. అమ్మగారు కాసేపు దాని వంక చూసి, "ఇది రత్నరాజు మేనకోడలు" అన్నారు. నేనింకా నీ పేరే ఎత్తలేదు.

ఉత్తరం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివారు. నేను నవ్వుతూ, "మా అన్నయ్య ఏం కట్టుకథ రాశాడో తెలుసా అమ్మగారూ, ఇది జట్కా గుర్రం ఉత్తరమట" అన్నాను. ఆమె నవ్వలేదు.

"రాణి మంచి గుర్రము" అన్నారు. "ఈ సంతకము నాది కాదు. నా సంతకము ఇంత అందముగా ఉండదు."

అన్నయ్యా, ఆ కుర్చీలో నేను ఎలా కూర్చుని ఉన్నానో నాకు గుర్తులేదు. ఈయన మణిని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయారు, వరండాలో ఆయన నవ్వు వినపడుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. "మరి నాకు సీటెలా వచ్చింది?" అన్నాను.

"నేను ఇక్కడికి వచ్చిన నెలకు నర్సింగ్ సూపరింటెండెంటమ్మ నాకు వ్రాసినది. 'పిల్ల పళ్ళ విషయము మీరు ఎందుకు వ్రాసితిరి' అని అడిగినది. ఎవరి పని అయినదీ నాకు తెలిసినది. ఆ గుర్రము నాది, ఆ మాటలు నావి, ఆ పిల్లను నేను ఎరుగుదును. అందుచేత, 'వ్రాసినదంతయు నిజము, చేర్చుకొనుడి' అని జవాబు పంపితిని."

ముందు ఎందుకు రాయనన్నారని అడిగాను. కప్ప వల్లనా అన్నాను. ఆమెకి కప్ప గుర్తే లేదు. హార్మోనియంలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేదట. మన మిషనులోనే ఆ ఏడు తండ్రి పోయిన సుమతికి సిఫారసు రాస్తానని మాటిచ్చారట. ఒకే మిషను నుంచి ఇద్దరికి రాస్తే ఇద్దరికీ సీటు రాదేమోనని భయపడ్డారట. తీరా ఇద్దరికీ వచ్చింది. అంతే సంగతి.

నీ లైసెన్సు భయం ఈయనతో చెబితే, "పద్దెనిమిదేళ్ళ కిందటి గుర్రం కోసం ఇమిగ్రేషన్ వాళ్ళు రారు" అన్నారు. అది వదిలెయ్యి. నా సంగతి వేరు. నర్సు కోర్సు నేను చదివాను, పరీక్షలు నేను రాశాను, అది నాకు తెలుసు. కానీ ఎప్పుడు ధైర్యం చాలకపోయినా, ఒక పెద్దావిడ నన్ను నమ్మి ఈ మాటలు రాసిందని తీసి చదువుకునేదాన్ని. మణి కడుపులో ఉండగా డాక్టర్లు పెదవి విరిచినప్పుడు కూడా ఇదే చదువుకున్నాను. ఇప్పుడు ఆమె నన్ను నమ్మిందని తెలిసింది, ఆ మాటలు నావి కావనీ తెలిసింది. రెండూ ఒకేసారి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీమీద కోపం వస్తుంది. కోపం మధ్యలో, ఎనిమిదో తరగతి తప్పినవాడు మూడు రోజులు కూర్చుని సంతకం దిద్దాడని గుర్తొస్తుంది. మళ్ళీ కోపం వస్తుంది.

మేము ఇరవై మూడున వస్తాం. ఇరవై తొమ్మిది ఆదివారం మణి ప్రతిష్ఠ. సాక్ష్యం చెబుతానని మాటిచ్చాను. పాతది ఇక చెప్పలేను. ఈసారి నువ్వు లేచి చెప్పాలి. నాకోసం నువ్వు చేసింది నేను చెబితే కుదరదు. చెప్పకపోతే నీ ఇష్టం, ఐసెలిన్‌లో చీరలు మడతపెట్టుకో.

వసంత


నేపర్‌విల్,
జూలై 23, సోమవారం

చెల్లాయికి,

ఈ ఉత్తరం వంటింట్లో టేబుల్ మీద పెట్టి డ్యూటీకి వెళుతున్నాను. మన ఫెలోషిప్ హరనాథ్ గారు కారు తీసుకుని మీకోసం ఎయిర్‌పోర్టుకి వస్తారు. అన్నం, పప్పుచారు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మణికి పెరుగు తోడుపెట్టాను. ఏ సీసా మీదా తప్పుడు కాగితం లేదు. కావలిస్తే మూతలు తీసి చూసుకో.

ఐసెలిన్ వెళ్ళలేదు. పెట్టె సర్దాను, నీ ఉత్తరం వచ్చాక విప్పాను. విప్పి మళ్ళీ సర్దాను. ఇప్పుడు సగం సర్ది ఉంది.

నన్ను చూసి ఆవిడ వద్దన్నారని పద్దెనిమిదేళ్ళు అనుకున్నాను. నీకు పిల్లలు ఆలస్యమైతే కూడా, దొంగ ఉత్తరం శిక్ష నీకు పడుతోందేమోనని ఒక్కణ్ణే కూర్చుని భయపడ్డాను. ఎవరికి చెప్పినా నవ్వుతారు, నా మాటంటే అంతే. ఇప్పుడు ఆవిడకి కప్పే గుర్తులేదంటే నేను దేనికి భయపడినట్టు? పైగా నేను అందర్నీ మోసం చేశాననుకుంటే, ఆవిడ అక్కడ కూర్చుని నాకోసం జవాబు రాసి, ఒక్క ముక్క కూడా తెలియనివ్వలేదు. నా జన్మలో ఎవరూ నామీద ఇంత పెద్ద వేళాకోళం ఆడలేదు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక నిన్న ఒక బండి దుప్పట్లు రెండుసార్లు ఉతికాను.

ఆదివారం లేచి నిలబడతాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, మూడుసార్లు చించాను. కప్ప, తాళాలు, గుర్రం, సంతకం, అన్నీ ఉన్న వరసలోనే చెబుతాను. ఒక్కటీ కలపను. అమ్మగారి జవాబు సంగతి కూడా చెబుతాను.

ఒక్కటే అడుగుతున్నాను. నేను లేచేసరికే వాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. గుర్రం అనగానే భానుమతి అక్క ముందు వరసలో చప్పట్లు కొడుతుంది. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేరు. ఎంత చెప్పినా నేను చెప్పేది నిజమని ఒక్కరూ నమ్మరు. అప్పుడు నువ్వు మణిని ఎత్తుకుని లేచి నిలబడి, "మా అన్నయ్య చెప్పినదంతా నిజమే" అని ఒక్క మాట అనాలి. ఇంకేమీ అనక్కర్లేదు. కోపం తగ్గకపోతే కోపంగానే అను.

రత్నరాజు